నల్ల పుడకతో చెవి పాడైంది, స్టూడియోపై కేసు వేయవచ్చా?

ప్రశ్న: నేను సికింద్రాబాద్‌లో ఉంటాను. అక్క పెళ్లికి ముందు, అంటే ఇరవై రెండు నెలల క్రితం, జూబ్లీహిల్స్‌లోని ఒక స్టూడియోలో చెవి పైభాగాన కుట్టించుకున్నాను. ‘బ్లాక్ టైటానియం, ఏమీ కాదు’ అని వాట్సాప్‌లో చెప్పి, ఒకే రకం నల్ల పుడకలు రెండు ఇచ్చి, యూపీఐలో 4,800 రూపాయలు తీసుకున్నారు. బిల్లు ఇవ్వలేదు. మూడు వారాలకు చెవి వాచి చీము పట్టింది. ఆస్పత్రిలో కోసి తీశారు, 38,000 ఖర్చయింది, చెవి అంచు ముడుచుకుపోయింది. పెళ్లి ఫొటోలన్నిటిలో జుట్టుతో చెవి కప్పుకునే ఉన్నాను. అమ్మ ఇప్పటికీ నన్నే అంటోంది. తీసిన పుడకను బ్లేడుతో గీకితే నలుపు పొట్టులా లేచి లోపల తెల్లటి లోహం కనిపించింది. ‘రెండు పుడకలూ తెచ్చిచ్చి సంతకం పెడితే డబ్బు వాపసిస్తాం’ అంటున్నారు. తీసుకోమంటారా? ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియో పెట్టమంటారా? మళ్లీ నల్ల పుడకే పెట్టుకోవాలంటే ఏం చూసుకోవాలి?

జవాబు: టైటానియం అని చెప్పి అమ్మిన పుడక నిజంగా టైటానియమేనా అన్న ఒక్క ప్రశ్న మీద మీ కేసు ఆధారపడి ఉంది. దానికి జవాబు మీరు ఇంకా వాడని రెండో పుడకలో ఉంది. దాన్ని 4,800 రూపాయలకు తిరిగి ఇచ్చి, ‘ఇక ఎలాంటి క్లెయిమూ లేదు’ అన్న కాగితం మీద సంతకం పెట్టారంటే, సాక్ష్యాన్నీ కేసునూ ఒకే పూట చేతులారా అప్పగించినట్టే. ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.

మొదటి పుడకను బ్లేడుతో గీకడం మీరు చేసిన పెద్ద పొరపాటు. టైటానియం కూడా లోపల వెండి రంగులోనే ఉంటుంది. విద్యుత్తుతో రంగులు తెప్పించే అనోడైజింగ్ పద్ధతిలో దానికి నలుపు రాదు కనుక, నల్ల టైటానియం నగ మీద ఉండేది పూతే. అందువల్ల తెల్లటి లోహం కనబడటం మీకు అనుకూలంగా ఏదీ రుజువు చేయదు, పైగా వస్తువును మార్చారని వాదించడానికి అవతలి పక్షానికి అవకాశమిస్తుంది. అయస్కాంత పరీక్షా పనికిరాదు, టైటానియంలాగే 316ఎల్ అనే నగల స్టెయిన్‌లెస్ స్టీలు కూడా సాధారణంగా అయస్కాంతానికి అంటుకోదు. రెండో పుడకను ఇచ్చిన కవరులోనే ఉంచి, తేదీ రాసి, ముట్టుకోకుండా దాచండి. పరీక్ష లేకుండా తేలని లోపమైతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్ కింద జిల్లా వినియోగదారుల కమిషనే నమూనాను సీలు చేసి ల్యాబ్‌కు పంపుతుంది. దాని ఖర్చు మీరే ముందు కట్టాలి.

‘బ్లాక్ టైటానియం’ అన్న ఆ వాట్సాప్ మాటే స్పష్టమైన హామీ. అమ్మిన వ్యక్తి తానుగా ఇచ్చిన హామీకి వస్తువు సరిపోలక హాని జరిగినా, తయారీదారు ఎవరో తెలియకపోయినా, 86వ సెక్షన్ ప్రకారం బాధ్యత అతనిదే. ఆ చాట్‌ను తొలగించకుండా ఉంచి, ఫోను మార్చకుండా, భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డులకు కోరే ధ్రువపత్రంతో దాఖలు చేయాలి. బిల్లు అడిగి తీసుకోకపోవడం మీ అజాగ్రత్తే. అయితే బిల్లు ఇవ్వకపోవడం చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి కాబట్టి, యూపీఐ రికార్డుతో ఆ లోటు చాలావరకు పూడుతుంది.

అసలు బలహీనత వైద్య కాగితాల్లో ఉంది. చీము ఇన్‌ఫెక్షన్‌కు గుర్తు. సూది, చేతులు శుభ్రంగా లేకపోయినా, మీరు గాయాన్ని సరిగా చూసుకోకపోయినా మేలైన టైటానియంతోనూ అది వస్తుంది. స్టీలులో ఉండే నికెల్ పడక వచ్చే చర్మపు ప్రతిచర్య వేరు. డిశ్చార్జి సమ్మరీలో కారణం ఏమని రాశారో చూడండి, చర్మవైద్యుని వద్ద నికెల్ పడుతుందో లేదో చర్మం మీద అంటించి చూసే ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. లోహం అబద్ధమని తేలి, వాపుకు కారణం ఇన్‌ఫెక్షన్ అయితే, పుడకల ధర, మోసపు అమ్మకానికి పరిహారం రావచ్చు గానీ 38,000 రావాలంటే స్టూడియో శుభ్రత పాటించలేదని విడిగా రుజువు చేయాలి. అందుకే రెండు ఆరోపణలనూ ఒకే ఫిర్యాదులో రాయండి.

వీడియో మాట మరచిపోండి. ‘డబ్బివ్వకపోతే వీడియో పెడతాను’ అన్న ఒక్క మెసేజ్ మిమ్మల్నే నిందితురాలి స్థానంలో నిలబెట్టగలదు.

మళ్లీ పెట్టుకోవాలంటే, శరీరంలో అమర్చే వస్తువులకు వాడే ఏఎస్‌టీఎం ఎఫ్136 ప్రమాణపు టైటానియం మీద పీవీడీ పూత (శూన్యంలో ఆవిరిగా వేసే పలుచటి పూత) ఉన్న నగను గానీ, వేడితో నల్లబరచిన నయోబియం అనే లోహపు నగను గానీ అడిగి, ఆ మాటలనే బిల్లు మీద రాయించుకోండి, లోహం ఏమిటో తయారీ మిల్లు ధ్రువీకరించే మిల్ సర్టిఫికెట్ చూడండి. మానని గాయంలో రంగు పూసిన స్టీలూ యాక్రిలిక్కూ పెట్టవద్దు.

ఇక కాలపరిమితి. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్లే గడువు. దాన్ని కుట్టించుకున్న రోజు నుంచే లెక్కపెట్టుకోండి, అప్పుడు వివాదానికి తావుండదు. మీకు మిగిలింది రెండు నెలలు. స్టూడియో వారు ‘వచ్చే నెల చూద్దాం’ అన్నా, మీరు నోటీసు పంపినా, పోలీసులకు ఫిర్యాదు చేసినా ఆ గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలున్నా, ఇరవై రెండు నెలలు ఊరుకున్నవారికి అది తేలికగా దక్కదు. ఈ వారమే పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జవాబు వచ్చినా రాకపోయినా పదహారో రోజున మీరు నివసించే ప్రాంతపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, లేదా ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు వేయండి. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపే కనుక ఫీజు ఉండదు, న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు.