మెటల్ లేని ఎమ్మారై ఇంజెక్షన్ మీద రీసెర్చ్ చెయ్యాలంటే

ఉద్దానం నుంచి బీఎస్సీ కెమిస్ట్రీ థర్డ్ ఇయర్ అమ్మాయి అడిగింది. వాళ్ళ పెదనాన్న డయాలసిస్ మీద ఉన్నారట, ఎమ్మారైకి వెళ్తే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ (స్కాన్‌లో తేడా బాగా కనపడేలా చేసే మందు) ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడారట, "మెటల్ లేకుండా ఆర్గానిక్ మాలిక్యూల్‌తో చెయ్యొచ్చని చదివాను సార్, అందులోకి ఎలా వెళ్ళాలి" అని.

అమ్మా, నీ ప్రశ్న చదివి మనసు నిండిపోయింది. ఆ ఇంజెక్షన్‌లో ఇప్పుడు ఎక్కువగా వాడేది గాడోలినియం అనే మెటల్, 1988 నుంచీ మార్కెట్లో ఉంది, దాని అయాన్‌లో జతలేని ఎలక్ట్రాన్లు 7 ఉంటాయి, వాటివల్ల పక్కనున్న నీళ్ళ ప్రోటాన్లు తొందరగా రిలాక్స్ అయ్యి ఆ చోటు స్కాన్‌లో తెల్లగా కనపడుద్ది. కానీ అది ముఖ్యంగా కిడ్నీల నుంచే బయటికి పోవాలి, కిడ్నీలు బాగా పాడైనవాళ్ళలో కొన్ని రకాల వల్ల చర్మం గట్టిపడిపోయే ఎన్‌ఎస్‌ఎఫ్ జబ్బు వస్తోందని 2006లో బయటపడింది. మెటల్‌ని రింగులో గట్టిగా బంధించే ఇప్పటి మాక్రోసైక్లిక్ రకాలతో ఆ రిస్క్ చాలా తక్కువ, ఆ సంగతి పెదనాన్నగారి డాక్టర్నే అడగండి.

ఇక నువ్వు చదివింది నైట్రాక్సైడ్ రాడికల్స్ గురించి అనుకుంటా, అంటే జతలేని ఎలక్ట్రాన్ ఉన్న ఆర్గానిక్ మాలిక్యూల్స్. వాటిలో జతలేని ఎలక్ట్రాన్ ఒక్కటే, అందుకే సిగ్నల్ మీద ప్రభావం తక్కువ, పైగా ఒంట్లో ఉన్న విటమిన్ సి లాంటివి దాన్ని చూస్తుండగానే రెడ్యూస్ చేసి పనికిరాకుండా చేసేస్తాయి. దీనికి కెమిస్టులు ఏం చేశారంటే ఆ ఎలక్ట్రాన్ ఉండే నైట్రోజన్-ఆక్సిజన్ (ఎన్-ఓ) జంట చుట్టూ పెద్ద పెద్ద రింగులు కట్టి అడ్డం పెట్టారు, అలాంటివి బోలెడు ఒకే పాలిమర్‌కి తగిలించారు, 2017లో ఎంఐటీ, నెబ్రాస్కా యూనివర్సిటీ వాళ్ళు కలిసి ఇలాగే ఎలుకల్లో ట్యూమర్లు చూడగలిగారు. అయితే హాస్పిటల్‌లో వాడకానికి ఇంకా రాలేదు, ఇది తెలిసే దిగాలి నువ్వు.

చూశావా, ఇదంతా సింథసిస్ పనే, అంటే కొత్త మాలిక్యూల్స్ తయారుచేసే పని! అందుకే ఇప్పుడే మెడికల్ ఇమేజింగ్ కోర్సుల వెంట పడొద్దు, జామ్ (ఐఐటీల్లాంటి చోట్ల ఎమ్మెస్సీకి ఎంట్రన్స్) రాసి మంచి చోట ఎమ్మెస్సీలో చేరు, అక్కడ ఆర్గానిక్ గట్టిగా పట్టుకో, మాలిక్యూల్ నిర్మాణం చూపించే ఎన్ఎంఆర్ ఎలాగూ ఉంటది, ఈపీఆర్ మెషీన్ ఎక్కడ కనపడినా వదలకు, రాడికల్‌ని చూపించేది అదే. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీకి ఇచ్చే ఫెలోషిప్) కొడితే నెలకి 37,000 వస్తుంది, ఇంటి మీద భారం ఉండదు. హైదరాబాద్‌లోనే ఐఐసీటీ (కెమికల్ టెక్నాలజీ రీసెర్చ్ సంస్థ), సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి, గైడ్‌ని మాత్రం టాపిక్ పేరు చూసి కాదు, ఆ ల్యాబ్‌లో చేతిపని ఎంత నేర్పిస్తారో చూసి ఎంచుకో. ఒకవేళ ఈ టాపిక్ దొరక్కపోయినా సింథసిస్ వచ్చినవాళ్ళకి ఫార్మాలో పని దొరుకుద్ది, నాన్నగారికి ఆ మాట కూడా చెప్పు.