కొండెక్కిన మొసలి

ఓడల వాళ్లు మొక్కుకునే దేవుళ్ల గురించి పోయిన సంచికలో రాస్తూ జపాన్‌లోని కోతోహిరా గుడిని ఒక్క వాక్యంలో తేల్చేశాను. ఊరుకుంటారా మీరు! ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు దాని మీదే. షికోకు ద్వీపంలో కగావా రాష్ట్రంలో ఉంది ఆ గుడి. అక్కడి వాళ్లు ముద్దుగా ‘కొంపిరా సాన్’ అంటారు. నేను రెండుసార్లు వెళ్లాను, అందులో మొదటిసారి వెళ్లీ వెళ్లనట్టే. ఆ సంగతి రెండో జవాబులో చెప్తాను.

*ప్రశ్న: మా అబ్బాయి ఒకాయామాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈసారి కొంపిరాకి తీసుకెళ్తానంటున్నాడు. 785 మెట్లట. నాకు 61 ఏళ్లు, కుడి మోకాలు సహకరించదు. ఎక్కగలనా? డోలీలు దొరుకుతాయా? (ఒక పాఠకురాలు, సామర్లకోట)*

అమ్మా, ముందు డోలీ సంగతి. 2017లో మేం వెళ్లినప్పుడు ఉండేవి. వెదురు పల్లకిలో ఒకావిడను కూర్చోబెట్టి ఇద్దరు మోసుకెళ్తుంటే మా ఆవిడ అటు చూడలేక తల తిప్పేసుకుంది. మోసేవాళ్లు నాకంటే పెద్దవాళ్లలా ఉన్నారు. ఆ వయసే అడ్డమై 2020 జనవరిలో డోలీలు ఆపేశారు. పెద్దవాళ్లను కొంత పైదాకా తీసుకెళ్లే బండి ఏదైనా ఉందేమో మీ అబ్బాయిని బయల్దేరే ముందే కనుక్కోమనండి.

785 అనగానే గుండె జారిపోనక్కర్లేదు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. ఇది అందులో పావు వంతు కూడా కాదు. పైగా ఒక్కసారిగా నిట్టనిలువుగా ఉండవు. మొదటి మెట్లకు రెండు వైపులా మిఠాయి కొట్లు, ఊడాన్ అనే లావుపాటి నూడుల్స్ అమ్మే హోటళ్లు, బొమ్మల దుకాణాలే కాబట్టి వాటిని చూస్తూ ఎక్కేస్తారు. కింది కొట్లలో వెదురు కర్రలు ఇస్తారు. సిగ్గుపడకుండా తీసుకోండి, దిగాక తిరిగి ఇచ్చేయాలి. కర్ర తీసుకున్న కొట్లోనే ఏదో ఒకటి కొనడం మర్యాద. మేం చేసిన పొరపాటల్లా ఎక్కేటప్పుడే కొనేయడం. ఒక గాజు సీసాను 785 మెట్లు పైకీ కిందికీ మోశాను.

365వ మెట్టు దగ్గర పెద్ద ద్వారం వస్తుంది. అది దాటగానే పెద్ద పెద్ద తెల్ల గొడుగుల కింద ఐదుగురు ఆడవాళ్లు మిఠాయి అమ్ముతూ కనిపిస్తారు. ద్వారం లోపల అమ్ముకునే హక్కు ఆ ఐదు కుటుంబాలకే ఉంది, తరతరాలుగా వస్తోంది. వాళ్లను ‘ఐదుగురు రైతులు’ అంటారు. విసనకర్ర ఆకారంలో పసుపు పచ్చని పలకలు, నిమ్మజాతి పండు వాసన. పగలగొట్టుకోవడానికి చిటికెన వేలంత సుత్తి కూడా పొట్లంలోనే పెట్టి ఇస్తారు. మీ మోకాలు ఇక చాలంటే అక్కడే కూర్చుని ఆ సుత్తితో టకటకా కొట్టుకుంటూ ఉండండి. ఆ గొడుగుల కింద గంట గడిచినట్టే తెలియదు.

ఎక్కగలిగితే మాత్రం 477వ మెట్టు దగ్గరున్న పాత అతిథి భవనం వదలొద్దు. లోపలి తలుపుల మీద 18వ శతాబ్దపు చిత్రకారుడు మరుయామా ఓక్యో వేసిన పులులున్నాయి. ఆయన బతికున్న పులిని చూడలేదట, చర్మాలు చూసి గీశాడట. అందుకే అవి పాలగిన్నె కోసం చూసే పిల్లుల్లా ఉంటాయి. కొంపిరాలో నాకు బాగా నచ్చినవి అవే.

ఎక్కడో ఒక చోట ఎక్కుతూ ఎక్కుతూ ఒక్క మెట్టు దిగాల్సి వస్తుంది. తప్పు దారి పట్టామని కంగారు పడకండి. మొత్తం 786 మెట్లు. జపాన్ భాషలో ఏడు, ఎనిమిది, ఆరు అంకెల్ని కలిపి పలికితే ‘నయాము’ అవుతుంది, అంటే బాధపడడం. అందుకని ఒకటి దింపి లెక్క 785 చేశారని చెప్తారు. ఈ మాత్రం లెక్కల తెలివి మన పంచాంగాల వాళ్లకూ ఉంది లెండి.

*ప్రశ్న: కొంపిరా అంటే సంస్కృతంలో కుంభీరం, అంటే మొసలే అని ఎక్కడో చదివాను. నిజమేనా? నిజమైతే అది జపాన్ వాళ్ల సొంత మతమైన షింటో గుడి ఎలా అయింది? బౌద్ధులది కావాలి కదా? (ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, తెనాలి)*

నిజమే మాస్టారూ. కుంభీరుడు బౌద్ధ గ్రంథాల్లో రాజగృహం దగ్గర ఉండే యక్షుడు. మందుల బుద్ధుడైన భైషజ్యగురువుకు పన్నెండుగురు యక్ష సేనానులుంటారు, వాళ్లలో ఒకడు. గంగలో మొసలి చైనా మీదుగా జపాన్ చేరేసరికి ‘కొంపిరా’ అయింది. నీళ్ల జీవి కాబట్టి అక్కడ సముద్రాన్ని కాచే దేవుడయ్యాడు. ఆ కొండ పేరేమిటో తెలుసా? జోజుసాన్, ఏనుగు తల కొండ. బుద్ధుడు బోధ చేసిన గయ దగ్గరి గయాశీర్షాన్ని చైనా అనువాదకులు ‘ఏనుగు తల’ అని రాశారు, ఆ పేరే ఇక్కడికీ వచ్చింది. ఏనుగు మీద మొసలి కూర్చుందన్నమాట. మా ఆవిడతో ఈ మాట అంటే, ‘అయితే విష్ణుమూర్తి ఇంకా బయల్దేరలేదా?’ అంది.

ఇక మీ అసలు ప్రశ్న. 1868 దాకా ‘ఇది షింటోదా, బౌద్ధానిదా’ అని ఆ కొండ మీద అడిగితే ప్రశ్నే అర్థమయ్యేది కాదు. దేవుడి పేరు కొంపిరా దైగొంగెన్. గొంగెన్ అంటే బుద్ధుడో బోధిసత్వుడో స్థానిక దేవుడి రూపంలో కనిపించడం, మన మాటల్లో అవతారం. ఈయనకు మూలరూపం పదకొండు ముఖాల అవలోకితేశ్వరుడు. పూజలు చేసేది షింగోన్ అనే బౌద్ధ శాఖ సన్యాసులు. 1868లో మెయిజీ ప్రభుత్వం దేవుళ్లు వేరు, బుద్ధులు వేరు అని ఉత్తర్వు ఇచ్చింది. కొంపిరా పేరు పోయి కోతోహిరా గూ వచ్చింది. ప్రధాన దేవుడు ఒమొనొనుషి అనే షింటో దేవుడన్నారు. ఈ ప్రాంతానికి ప్రవాసం వచ్చి ఇక్కడే చనిపోయిన సుతోకు చక్రవర్తి 1165 నుంచే తోడుగా ఉన్నాడు. బౌద్ధ విగ్రహాలు చాలా పోయాయి. ఆ పదకొండు ముఖాల విగ్రహం మాత్రం మిగిలింది. ఇప్పుడది పూజలో లేదు, గుడి మ్యూజియంలో ఉంది.

నా గొడవ చెప్తానన్నాను కదా. 1993లో నేను ఒక ఖనిజాల ఓడలో థర్డ్ ఇంజినీరుని. విశాఖ నుంచి ఇనుప ఖనిజం వేసుకుని మిజుషిమా రేవుకు వెళ్లాం. ఏజెంటు తరఫు డ్రైవరు ఖాళీగా ఉండి, పెద్ద వంతెన దాటించి నన్ను ఈ కొండ కింద దింపాడు. ‘రెండు గంటలు’ అని వేళ్లు చూపించాడు. ఇంజిన్ రూమ్ కాళ్లు కదా, పరుగులాంటి నడకతో ఎక్కాను. పైన ఒక బ్రహ్మాండమైన రెండంతస్తుల కప్పు మందిరం. దూలాల నిండా జంతువులు, పక్షులు, ఆకులు, ఖాళీ లేకుండా చెక్కారు. దండం పెట్టాను, చిల్లర వేశాను, ఓడకు ఏమీ కాకూడదని మొక్కుకుని దిగిపోయాను. కింద డ్రైవరుకు ఫొటోలు తీసిన చోటు వర్ణించి చెప్తే పొట్ట పట్టుకుని నవ్వాడు. ‘ఇషిమాత్సు! ఇషిమాత్సు!’ అన్నాడు.

నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇషిమాత్సు జానపద కథల్లో ఒక రౌడీ. యజమాని తన బదులు కొంపిరాకు వెళ్లి రమ్మని పంపితే, 628వ మెట్టు దగ్గరున్న అసాహీ మందిరాన్ని చూసి ఇదే గుడి అనుకుని మొక్కి వెనక్కి వెళ్లిపోయాడు. నేనూ అంతే. అసలు గుడి ఇంకో 157 మెట్లు పైన ఉంది, చివర్లో నిటారుగా 133 మెట్ల వరస.

ఇద్దరం మోసపోవడంలో మా తప్పు సగమే. ఆ అసాహీ మందిరం కట్టడానికి నలభై ఏళ్లు పట్టింది, 1837లో పూర్తయింది. అప్పుడది షింటో కట్టడం కాదు, ఇక్కడి మత్సువోజి అనే బౌద్ధాలయపు ప్రధాన మందిరం. లోపలున్నది భైషజ్యగురువు. అంటే కుంభీరుడి యజమాని! ఉత్తర్వు వచ్చాక బుద్ధుడు వెళ్లిపోయాడు, పేరు మారింది, చెక్కడాలు మిగిలాయి. 2017లో మళ్లీ దాని ముందు నిలబడినప్పుడు నాకు కాస్త తృప్తిగా అనిపించింది. నేను పొరపాటున మొక్కింది మొసలికి కాదు, మొసలి దొరగారి పాత ఇంటికి.

మరి ఆ సన్యాసులేమయ్యారంటారా? ఆ కొండ పెద్దగా ఉన్న సన్యాసి షింటో పూజారిగా మారాడు. ఆయనే 1889లో సముద్ర ప్రమాదాల్లో చిక్కుకున్న వాళ్లను కాపాడే సంస్థ స్థాపించాడు. అది ఇప్పటికీ పనిచేస్తోంది. మిగతావన్నీ ఎలా ఉన్నా, ఓడ దిగి వచ్చినవాడిగా ఆ ఒక్క పనికి నేను ఆయనకు దండం పెడతాను.

*ప్రశ్న: అక్కడ నమస్కారం ఎలా పెట్టాలి? చప్పట్లు కొట్టాలంటారు, నిజమా? (హైదరాబాద్)*

షింటో గుడిలో రెండుసార్లు వంగాలి, రెండు చప్పట్లు, మొక్కు, మళ్లీ ఒకసారి వంగాలి. ముందు నీళ్ల తొట్టి దగ్గర ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, నోరు కడుక్కోవాలి. గరిటెకు నోరు తగిలించొద్దు, ఎడమ అరచేతిలో పోసుకోండి. బౌద్ధాలయంలో చప్పట్లు లేవు, చేతులు జోడిస్తే చాలు. రైల్లో ఒక్క స్టేషను దూరంలో జెంత్సూజి ఉంది, షింగోన్ శాఖను స్థాపించిన కూకాయ్ 774లో పుట్టిన చోటంటారు. పొద్దున కొంపిరాలో చప్పట్లు కొట్టి మధ్యాహ్నం అక్కడా కొట్టేశాను. పక్కనున్న ముసలాయన చూడనట్టు ఊరుకున్నాడు.

*ప్రశ్న: మేం శాకాహారులం. అక్కడ ఊడాన్ ప్రసిద్ధి అంటున్నారు, తినొచ్చా? (విజయవాడ)*

నూడుల్ గోధుమపిండి, ఉప్పు, నీళ్లే. చిక్కంతా చారుతోనే. కగావాలో ఆ చారు ఎండు చేపలు మరిగించి తీస్తారు. పైన చేప ముక్క కనిపించదు కాబట్టి చాలామంది మోసపోతారు. మా ఆవిడ సగం గిన్నె అయ్యాక ‘ఇదేమిటి, భీమిలి ఒడ్డు వాసన?’ అంది. చారు లేకుండా ఉత్త సోయా సాస్‌తో ఇచ్చే రకం ఉంటుంది, అది అడగండి. ఆ సాస్‌లోనూ చేప కలుపుతారేమో అడగడం మర్చిపోవద్దు. పట్టింపు ఎక్కువైతే సంచిలో పులిహోర పెట్టుకోవడమే క్షేమం. పులిహోర జపాన్ రైల్లో విప్పితే ఎవరూ ఏమీ అనరు, కాకపోతే అందరూ చూస్తారు.

జాగా మిగిలింది కాబట్టి ఎవరూ అడగనిదొకటి. పూర్వం గుడికి రాలేని ఓడవాళ్లు సారాయి పీపా మీద కొంపిరా పేరు రాసి సముద్రంలోకి వదిలేసేవారు. అది ఏ జాలరికి దొరికితే అతను తీసుకెళ్లి గుడిలో అప్పజెప్పాలి. రాలేని ఊళ్లవాళ్లైతే కుక్క మెడకు దారిఖర్చు కట్టి పంపేవారు, దారిన పోయేవాళ్లు తిండి పెట్టి ముందుకు సాగనంపేవారు. ఆ కుక్క విగ్రహం మెట్ల దారిలో కనిపిస్తుంది. మా ఆవిడ దాని బొమ్మ ఉన్న పసుపు పచ్చని తాయెత్తు కొనుక్కుంది. ఇప్పుడది మా స్కూటరు తాళానికి వేలాడుతోంది. పైకి తీసుకెళ్లి దిగిన గాజు సీసా మాత్రం విశాఖలో ఇంటి గుమ్మం ముందే జారి పగిలింది.