సరంగుగా తొలిసారి ఇంటిదారి పట్టబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఈసారి బోటును నడిపించే సరంగుగా నిన్ను పెట్టి మీ యజమాని మంచి పని చేశాడు. వల ఎక్కడ దించాలో, ఎప్పుడు లాగాలో నీకు నేను చెప్పనక్కరలేదు. నా బెంగంతా ఒడిశాలోని పారాదీప్ అవతలి నీళ్ల నుంచి విశాఖకు తిరిగి వచ్చే దారి గురించే. చివరి వల పైకి లాగగానే బోటులో పనిచేసే కలాసీల మనసు ఇల్లు చేరిపోతుంది. బోటు మాత్రం ఇంకా నడిసముద్రంలోనే ఉంటుంది. ఆ సంగతి మరిచిపోకూడని మనిషి సరంగు. బయలుదేరేలోగా ఈ ఉత్తరం ఒకటికి రెండుసార్లు చదువుకో.

ముందు తేదీ సంగతి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. ఏప్రిల్ 14 అర్ధరాత్రిలోగా రేవు చేరాలి కాబట్టి చాలామంది ఆఖరి గంట వరకు వల వేసి, అప్పుడు పరుగెత్తుకొస్తారు. నువ్వు 11వ తేదీకే రేవులో ఉండేలా చూసుకో. వందల బోట్ల సరుకు ఒక్కసారిగా వచ్చి పడిన రోజు వేలంలో ధర నిలవదు. ఆ మూడు రోజుల్లో ఇంకో నాలుగు బుట్టలు దొరికినా, ధరలో పోయేది అంతకంటే ఎక్కువ. పైగా తొందర లేని సరంగే దారిలో సరైన నిర్ణయం తీసుకోగలడు. యజమాని ఫోను చేసి ఇంకో రోజు ఉండమంటే గౌరవంగానే, గట్టిగా కాదని చెప్పు. సముద్రం మీద ఉన్నది నువ్వు.

ఇప్పుడు లెక్క. పారాదీప్ నుంచి విశాఖకు తిన్నగా దాదాపు 245 నాటికల్ మైళ్లు. గంటకు 6 మైళ్లు నడిస్తే 41 గంటలు. కాగితం మీద అంతే. కానీ మాఘ, ఫాల్గుణ, చైత్ర మాసాల్లో మన తీరం వెంట నీరు ఉత్తరానికి పారుతుంది. కార్తీకంలో అదే నీరు దక్షిణానికి మళ్లి మనల్ని ఇంటివైపు తోస్తుంది. ఏప్రిల్‌లో మాత్రం వెనక్కి లాగుతుంది. ఆ లాగుడు ఒకటిన్నర మైళ్లయితే గంటకు నీకు మిగిలేది నాలుగున్నర. 41 గంటల దారి 54 గంటలు దాటుతుంది. డీజిలు, తాగే నీళ్లు, ఐసు అన్నీ ఆ పెద్ద లెక్కకే చూసుకుని, దాని మీద ఇంకొంత మిగిలేలా ఉంచు. జీపీఎస్ చూపించేది నేలతో పోల్చిన వేగం, నీటితో పోల్చినది కాదు. ఇంజిన్ అదే చప్పుడుతో తిరుగుతున్నా ఆ అంకె పడిపోతోందంటే ప్రవాహంలో ఉన్నావని అర్థం.

ఈ లాగుడు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. సముద్రం అడుగు లోతుకు దిగిపోయి నీరు నీలంగా మారే అంచున బలంగా ఉంటుంది. లోతు తక్కువైన చోట తగ్గుతుంది. అలాగని ఒడిశా ఒడ్డును రాసుకుంటూ రావద్దు. తాబేళ్లు గుడ్లు పెట్టే గహిర్మాత తీరంలోనూ, దేవి, రుషికుల్య నదులు సముద్రంలో కలిసే మొగల దగ్గరా నవంబరు 1 నుంచి మే 31 వరకు ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపల వేట నిషేధం. మేం వేటాడటం లేదు, ఇంటికి పోతున్నాం అని నువ్వు చెప్పినా, పైన తడి వల కనబడితే ఎవరు నమ్ముతారు? రుషికుల్య దాటేవరకు బయటే ఉండు. కాస్త డీజిలు ఎక్కువ కాలినా పరవాలేదు. తాబేలును కాపాడే పని మనకూ సంబంధించినదే. గోపాల్‌పూర్ దీపం కనబడ్డాక కొద్దికొద్దిగా లోపలికి మళ్లించు. అక్కడా మరీ లోపలికి వద్దు. బారువ నుంచి భీమిలి దాకా రాత్రిపూట చిన్న పడవలవాళ్ల వలలు నీళ్లలో ఉంటాయి, వాటి దీపాలు ఆనవు. పంకాకు వల చుట్టుకుంటే నీ ప్రయాణం ఆగుతుంది, ఆ కుటుంబానికి బతుకుదెరువే ఆగుతుంది.

ఈ కాలంలో మధ్యాహ్నం నుంచి నైరుతి గాలి ముక్కుమీదికే కొడుతుంది. ఎదురు గాలి, ఎదురు నీరు, ఎదురు అల మూడూ కలిసినప్పుడు ఇంజిన్‌ను పూర్తి జోరుతో నడపడం వల్ల బోటు దడదడలాడటమే తప్ప దారి తరగదు. ఆ పూట వేగం తగ్గించి ముందుభాగం అలకు పెట్టి ఉంచు, మనుషులకు అన్నం పెట్టు, నిద్రపుచ్చు. అర్ధరాత్రి దాటాక నేలగాలి మొదలై ఒడ్డువైపు నీరు సర్దుకుంటుంది. అప్పటి నుంచి పొద్దెక్కేవరకు గట్టిగా నడుపు. సాయంత్రం పడమట కొండల మీద నల్లమబ్బు గోడలా లేస్తే మాత్రం ఏ లెక్కా చూడకు. పైన ఉన్న బుట్టలు, తాళ్లు, పెట్టెలు కట్టేయించి, అందరి చేత లైఫ్ జాకెట్లు తొడిగించి, గాలికి ఎదురు నిలబడు. ఆ గాలి ఒక్కసారిగా వచ్చి పడుతుంది.

ఇంజిన్ గురించి చెప్పేది శ్రద్ధగా విను. ఇంటిదారిలో ఇంజిన్లు ఎక్కువగా ఆగేది డీజిలు అయిపోయి కాదు, ట్యాంకు అడుగుకు చేరడం వల్ల. అన్ని రోజులూ అడుగున పేరుకున్న మడ్డి, నీరు ఎదురు అలల కుదుపుకు పైకి లేచి ఫిల్టరులోకి పోతాయి. సరిగ్గా నీకు ఇంజిన్ అత్యవసరమైన రాత్రే అది ఊపిరాడక ఆగుతుంది. కాబట్టి తిరుగుముఖం పట్టేముందు, నీరు నిమ్మళంగా ఉన్న ఉదయం చూసి, ట్యాంకు అడుగు నీరు వదిలించు, ఫిల్టరు మార్చు, ఇంకొకటి చేతికందేచోట ఉంచు. చీకట్లో, ఊగుతున్న ఇంజిన్ గదిలో డీజిలు గొట్టాల్లోని గాలి తీసి మళ్లీ స్టార్టు చేయడం మీ ఇంజిన్ డ్రైవరుకు వచ్చో రాదో పగలే ఒకసారి చేయించి చూడు. బోటు అడుగున చేరిన నీరు ప్రతి గంటకూ తోడించాలి. ఐసు కరిగి అది మామూలు కంటే ఎక్కువే వస్తుంది. చేపల గదిలో సరుకు ఒక పక్కకు జరగకుండా పలకలు అడ్డం పెట్టించు.

రాత్రి దీపాల విషయంలో చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. వల లాగుతున్నప్పుడు పైన ఆకుపచ్చ, దాని కింద తెలుపు వెలగాలి. వేట ఆగిన తర్వాత అవి ఆర్పేసి, మామూలు నడక దీపాలు వేయాలి. లేకపోతే ఎదురొచ్చే ఓడవాడు నిన్ను వల లాగుతూ మెల్లగా కదిలే బోటు అనుకుని దాని ప్రకారమే దారి మళ్లిస్తాడు. వీహెచ్ఎఫ్ రేడియోలో ఆపద పిలుపులు వచ్చే 16వ ఛానెల్ ఎప్పుడూ వింటూ ఉండు. ఫోను అందేచోట ప్రమాదమైతే తీర రక్షక దళం నంబరు 1554. ఇది కలాసీలందరికీ నోటికి వచ్చి ఉండాలి.

కళింగపట్నం దాటాక నిద్ర నీ మీదికి వస్తుంది. ఆ రాత్రి ఇద్దరిద్దరిని కాపలా పెట్టు, వాళ్లలో ఒకడు తప్పకుండా పాతవాడై ఉండాలి. చింతపల్లి దగ్గర ఒడ్డుకు మైళ్ల దూరంలో నీటి కింద రాళ్లున్నాయి. అక్కడి దీపస్తంభం ఉన్నది ఆ రాళ్ల గురించి హెచ్చరించడానికే. ఆ భాగం పగలు దాటేలా చూసుకో, కుదరకపోతే బయటి నుంచి తిరిగిరా. అలసిపోయారని నాగావళి, వంశధార మొగల్లోకి దూరుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఇసుక మేట ప్రతి వరదకూ చోటు మారుస్తుంది. అల విరుగుతున్న మొగ కంటే లోతున్న సముద్రమే భద్రం.

విశాఖ రేవు పక్కనున్న డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపం కనబడగానే కలాసీలు బట్టలు మార్చుకుంటారు, ఫోన్లు తీస్తారు, కాపలా సడలుతుంది. అసలు చిక్కులు అప్పుడే. బయట లంగరు వేసి ఉన్న ఓడల దీపాల మధ్య కదిలే ఓడ దీపం కలిసిపోతుంది. పెద్ద ఓడ నీకోసం ఆగలేదు. హార్బరు దగ్గర తేలే ప్లాస్టిక్ సంచులు ఇంజిన్‌కు నీరు వచ్చే గొట్టానికి అడ్డం పడితే, సరిగ్గా ఓడల దారిలోనే ఇంజిన్ వేడెక్కుతుంది. నడిరాత్రి చేరితే లోపలికి రావద్దు. నాలుగైదు మైళ్ల బయటే మెల్లగా తిరుగుతూ తెల్లవారనివ్వు. మీ అత్త రేవులో ఎదురుచూస్తుందని నాకు తెలుసు, నేను చెప్పుకుంటాను. వేలం కూడా తెల్లవారుజామునే కదా.

బోటు కట్టేశాక గ్యాస్ సిలిండరు, మిగిలిన డీజిలు డబ్బాలు అదే రోజు దించేయి. 2023 నవంబరులో మన హార్బరులో మంటలు ఒక బోటు నుంచి ఇంకో బోటుకు ఎలా పాకాయో నువ్వూ చూశావు. నిషేధం రోజుల్లో బోట్లు అంతకంటే దగ్గరగా ఉంటాయి. బ్యాటరీ తీగలు విప్పు. కలాసీల వాటాలు వేలం ముగిసిన రోజే లెక్క తేల్చి, ప్రతి ఒక్కరికీ చూపించి ఇవ్వు. ఏయే చోట ఎంత లాగుడు ఉందో, ఎన్ని గంటలు పట్టిందో, ఎంత డీజిలు కాలిందో నిద్రపోకముందే పుస్తకంలో రాసిపెట్టు. జూన్‌లో మళ్లీ బయలుదేరే ముందు మనిద్దరం కూర్చుని అది చూద్దాం.

ఇట్లు
మీ మామయ్య