డాక్టర్ సలహా: బరువు తగ్గే ఇంజెక్షన్ సంగతి తర్వాత, ముందు ఆ పొట్లం చూపించండి

ప్రశ్న: మా అమ్మకు 53 ఏళ్లు. జగిత్యాల దగ్గర పల్లెలో ఉంటుంది. చాలా ఏళ్లు బీడీలు చుట్టింది. ఏడాదిన్నరలో 58 కిలోల నుంచి 71 కిలోలకు వచ్చింది. పొట్ట, ముఖం బాగా లావయ్యాయి, కాళ్లు చేతులు మాత్రం సన్నగానే ఉన్నాయి. పొట్ట మీద ఊదారంగు చారలు వచ్చాయి. చేతికి ఏం తగిలినా నల్లగా కమిలిపోతోంది. ఆరు నెలల కింద షుగర్, బీపీ బయటపడ్డాయి. మాత్రలు వాడుతోంది, అయినా షుగర్ 250 దిగడం లేదు. మోకాళ్ల నొప్పులకు తెలిసినవాళ్లు తెచ్చే పొడి రెండేళ్లుగా వేసుకుంటోంది. అది మూలికల మందే, దానితో ఏ ఇబ్బందీ లేదు. మొన్న పెళ్లికి వెళ్తూ పొట్లాలు మరిచిపోయింది. నాలుగో రోజుకు కళ్లు తిరిగి, వాంతులై పడిపోతే సెలైన్ ఎక్కించారు. ఇంటికొచ్చి పొడి వేసుకున్నాక సాయంత్రానికే లేచి కూర్చుంది. వారానికోసారి వేసుకునే బరువు తగ్గే ఇంజెక్షన్ గురించి చదివాను. అమ్మకు వేయించొచ్చా? ఎంత డోసుతో మొదలుపెట్టాలి? పొద్దున్నే జీలకర్ర నీళ్లు తాగితే బరువు తగ్గుతారా?

– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు అడిగింది ఇంజెక్షన్ గురించి. నేను మాత్రం ఆ పెళ్లి సంగతి దగ్గరే ఆగిపోయాను. ఓపీలో ఇద్దరు పేషెంట్ల మధ్య దొరికిన టైములో రాస్తున్నాను కాబట్టి అసలు మాట ముందే చెప్పేస్తాను. ఆ పొడిని ఇవాళ ఉన్నపళంగా ఆపేయకండి. అలాగని మరో రెండు నెలలకు సరిపడా తెప్పించి డబ్బాలో పోసి కూర్చోకండి కూడా. ఈ రెండు మూడు రోజుల్లోనే అమ్మను ఎండోక్రైనాలజిస్టుకు, అంటే హార్మోన్ల డాక్టరుకు చూపించండి. దగ్గర్లో లేకపోతే జనరల్ మెడిసిన్ డాక్టరైనా సరే. పొడి ఒకటి రెండు రోజుల్లో అయిపోయేలా ఉంటే రేపటిదాకా ఆగకండి.

మనిషిని చూడకుండా, రిపోర్టు చూడకుండా జబ్బు పేరు చెప్పకూడదు. అందుకే దీన్ని అనుమానం అనే అంటున్నాను. కానీ గట్టి అనుమానం. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్... ఇలాంటి వాటిలో ఏదో ఒకటి. గుండ్రటి ముఖం, పెద్ద పొట్ట, సన్నటి కాళ్లు, ఊదారంగు చారలు, తగిలితే కమిలిపోయే చర్మం, కొత్తగా వచ్చిన షుగరూ బీపీ. వైద్య విద్యార్థి ఎవరైనా ఈ వరుస వినగానే కుషింగ్ సిండ్రోమ్ అంటాడు, అంటే ఒంట్లో కార్టిసాల్ గానీ స్టెరాయిడ్ గానీ ఎక్కువైతే వచ్చే జబ్బు. మీరే అన్నీ ఒక్క ఉత్తరంలో రాసి, "దానితో ఏ ఇబ్బందీ లేదు" అని కూడా రాశారు!

మన రెండు కిడ్నీల మీద టోపీల్లాగా అడ్రినల్ గ్రంథులు ఉంటాయి. కార్టిసాల్ అనే హార్మోను తయారయ్యేది అక్కడే. తెల్లవారుజామున పెరిగి, పొద్దున ఎక్కువగా ఉండి, అర్ధరాత్రికి బాగా తగ్గిపోతుంది. పస్తున్నప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, దెబ్బ తగిలినప్పుడు మనిషిని నిలబెట్టేది ఇదే. కండలోని ప్రొటీనును కరిగించి లివరు చేత చక్కెర చేయిస్తుంది. రోజూ కొంత అవసరమే. స్టెరాయిడ్ మందులు కూడా కార్టిసాల్ లాగే పనిచేస్తాయి. అదే పని రెండేళ్లపాటు ఇరవై నాలుగు గంటలూ జరిగితే తొడల్లో, భుజాల్లో కండ పోతుంది, కొవ్వంతా పొట్టకూ ముఖానికీ చేరుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముక గుల్లవుతుంది. మీ అమ్మ కింద కూర్చున్నప్పుడు చేతులు ఆనించకుండా లేవగలుగుతోందా? ఒకసారి గమనించి డాక్టరుకు చెప్పండి.

ఇక పెళ్లిలో జరిగింది. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తున్నంతకాలం మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, కార్టిసాల్ సరిపడా ఉందనుకుని అడ్రినల్‌కు కబురు పంపడం మానేస్తుంది. పని లేక అడ్రినల్ చిక్కిపోతుంది. అలాంటప్పుడు పొడి హఠాత్తుగా ఆగితే ఒంట్లో కార్టిసాల్ దాదాపు ఉండదు. నీరసం, వాంతులు, కడుపునొప్పి, బీపీ పడిపోవడం వస్తాయి. దీన్నే అడ్రినల్ క్రైసిస్ అంటాం. ప్రాణం మీదికి రావచ్చు. ఆ నాలుగో రోజు ప్రయాణపు బడలిక, పెళ్లిభోజనం పడకపోవడం అనుకుని ఉంటారు. పొడి వేసుకోగానే లేచి కూర్చుందంటే పొడి గొప్పదని కాదు, ఒళ్లు దానికి బందీ అయిందని అర్థం. సెలైన్ ఎక్కించిన చోట ఈ పొడి సంగతి చెప్పారా? చెప్పి ఉండరు. మందుల పేర్లు అడిగితే షుగర్ మాత్ర, బీపీ మాత్ర అంటారు. పొడి మందుల లెక్కలోకే రాదు.

నా మీద కోపం తెచ్చుకోకండి, ఇక్కడ కొంచెం మందలించాల్సి వస్తోంది. మనిషి కళ్లు తిరిగి పడిపోయాక తర్వాతి ప్రశ్న ఇంజెక్షన్ డోసు ఎంత అని కాకూడదు.

నేను మూలికలకు వ్యతిరేకిని కాను. పేరు, బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా ఉన్న మందును రిజిస్టర్డ్ ఆయుర్వేద వైద్యుడు రాసిస్తే ఆ సంగతి వేరు. నేను భయపడేది పేరులేని పొట్లానికి. నొప్పుల పొడి మూడో రోజుకే మంత్రం వేసినట్టు పనిచేసి, ఆకలి కూడా పెంచిందంటే నాకు సంతోషం వేయదు, గుబులు పుడుతుంది. ఎందుకంటే స్టెరాయిడ్ చేసేది అదే. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక యువతికి మొదటిసారి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. రెండేళ్లకే, 1950లో, ఆ పరిశోధనకు హెంచ్, కెండల్, రైక్‌స్టీన్‌లకు నోబెల్ వచ్చింది. ఎక్కువకాలం ఇస్తే ఏమవుతుందో కూడా ఆ తొలి రోజుల్లోనే తెలిసిపోయింది. ఇవాళ్టికీ స్టెరాయిడ్ ప్రాణాలు నిలిపే మందే, నేనూ రాస్తాను. కాకపోతే డోసు తెలిసి, ఎన్నాళ్లో తెలిసి, ఎలా ఆపాలో తెలిసి రాస్తాను.

నిరుడు ఒక పెద్దావిడ ఓపీకి వచ్చింది. రక్తం తీశాక నర్సు దూది పెట్టి టేపు అంటించింది. కాసేపాగి టేపు లాగితే దానితోపాటు ముంజేతి చర్మం ఉల్లిపొరలాగా లేచి వచ్చింది. ఆవిడ మాత్రం నొప్పి అనలేదు, "ఈ మధ్య ఇట్లనే అయితుంది సారూ" అంది. అప్పుడు అడిగితే కొంగు ముడి విప్పి, న్యూస్‌పేపరు ముక్కలో చుట్టిన పొడి తీసింది. కొడుకు ముందు నోరు మెదపలేదు, అతను బయటికి వెళ్లాకే చెప్పింది. మీ అమ్మ కూడా మీకు చెప్పని పొట్లం ఇంకోటి ఉండొచ్చు. కోప్పడకుండా అడగండి. పొడులే కాదు, ముఖం తెల్లబడాలని, తామర పోవాలని పూసే క్రీములు, కీళ్లలోకి పొడిపించుకునే ఇంజెక్షన్లు కూడా అడగండి. క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన పెట్టింది. షాపులో ఏం జరుగుతోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇప్పుడు మీ ఇంజెక్షన్. మీరు చదివింది జీఎల్‌పీ-1 మందుల గురించి. జీఎల్‌పీ-1 అంటే తిన్న తర్వాత పేగుల నుంచి విడుదలయ్యే హార్మోను. అది ఇన్సులిన్ పెంచుతుంది, కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మది చేస్తుంది, ఇక చాలని మెదడుకు చెప్తుంది. ఒంట్లో తయారయ్యేది రెండు మూడు నిమిషాల్లో విరిగిపోతుంది, దాన్ని పోలిన సెమాగ్లూటైడ్ అనే మందును వారంపాటు నిలిచేలా మలిచారు. 2021లో వచ్చిన ట్రయల్లో షుగర్ లేని స్థూలకాయులు 68 వారాలు వాడి సగటున 15 శాతం దాకా బరువు తగ్గారు. షుగర్ ఉన్నవాళ్లలో తగ్గుదల అంతకంటే తక్కువ, దాదాపు పది శాతం. మందు ఆపేసిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఇదే తరహా మరో మందు టిర్జెపటైడ్ రెండు హార్మోన్ల దారిలో పనిచేస్తుంది, ఇంకా ఎక్కువ తగ్గిస్తుంది. 2025 మార్చి నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది. మంచి మందులే. గుండె, కిడ్నీల విషయంలో సెమాగ్లూటైడ్‌తో మేలు జరిగిందని పెద్ద ట్రయల్స్ చూపించాయి. నా పేషెంట్లలోనూ వాడేవాళ్లున్నారు.

మీ అమ్మకు మాత్రం ఇప్పుడు వద్దంటాను. ఈ మందులతో తగ్గే బరువులో కొంత కండ కూడా పోతుంది. స్టెరాయిడ్ వల్లే ఇదంతా అయితే ఆమె తొడల్లో కండ ఇప్పటికే కరిగి ఉంటుంది, ఉన్నది కూడా పోగొట్టుకోవడం ఎందుకు? దానికంటే నన్ను భయపెట్టేది వాంతులు. ఈ ఇంజెక్షన్లకు మామూలుగా కనిపించే సైడ్ ఎఫెక్టే వికారం, వాంతులు. అడ్రినల్ క్రైసిస్ లక్షణమూ అదే. ఇంజెక్షన్ వేసుకున్నాక వాంతులైతే మీరు "మందు పడట్లేదు, రెండ్రోజుల్లో సర్దుకుంటుంది" అనుకుంటారు. పైగా వాంతుల్లో పొడి కూడా బయటికి పోతుంది. అప్పుడు ఏమవుతుందో పెళ్లిలో చూశారు కదా. డోసు నేను ఇక్కడ రాయను. ఎవరైనా వాట్సాప్‌లో రాసినా నమ్మవద్దు.

షుగర్ తగ్గడం లేదన్నారు కాబట్టి ఈ మధ్య మా డాక్టర్లలో బాగా చర్చ జరిగిన పరిశోధన ఒకటి చెప్తాను. అమెరికాలో జరిగింది, పేరు కెటలిస్ట్. రెండు మూడు రకాల మందులు వాడుతున్నా షుగర్ అదుపులోకి రాని వెయ్యిమందికి పైగా టైప్ 2 పేషెంట్లకు కార్టిసాల్ పరీక్ష చేశారు. రాత్రి ఒక మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మాత్ర ఇచ్చి, పొద్దున రక్తం తీస్తారు. మామూలుగా అయితే కార్టిసాల్ బాగా తగ్గిపోవాలి. వీళ్లలో దాదాపు 24 శాతం మందికి తగ్గలేదు, అంటే వాళ్ల ఒళ్లే కార్టిసాల్‌ను ఎక్కువగా తయారు చేస్తోందని అనుమానం. ఎవరూ ఊహించనంత పెద్ద అంకె అది. నేను కొంచెం ఆచితూచి చదివాను, ఎందుకంటే కార్టిసాల్‌ను అడ్డుకునే మందు అమ్మే కంపెనీ డబ్బుతోనే ఆ అధ్యయనం జరిగింది. నైట్ షిఫ్టులు, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు, మరికొన్ని మందులు కూడా ఈ పరీక్షను తప్పుదారి పట్టిస్తాయి. కాబట్టి ఇది చదివిన షుగర్ పేషెంట్లందరూ రేపు ల్యాబుకు పరిగెత్తక్కర్లేదు. ఇంకో సంగతి, ఆ అధ్యయనంలో బయటి నుంచి స్టెరాయిడ్లు వాడేవాళ్లను ముందే పక్కన పెట్టేశారు. నా ఓపీలో అలా పక్కన పెట్టడం మొదలుపెడితే చాలామంది మిగలరు.

మీ అమ్మకు చేయాల్సింది ఆ మాత్ర పరీక్ష కాదు. పొద్దున ఎనిమిది గంటల ప్రాంతంలో కార్టిసాల్, అవసరమైతే ఏసీటీహెచ్ (అడ్రినల్‌కు పిట్యూటరీ పంపే కబురు ఇదే), సోడియం, పొటాషియం, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూస్తారు. ఎముకల సాంద్రత, కంటి పరీక్ష కూడా చేయించమంటారు, స్టెరాయిడ్‌తో శుక్లాలు, కంటిలో ప్రెషర్ పెరగడం ఉంటాయి. ఈ కార్టిసాల్ పరీక్షను సొంతంగా చేయించుకుని నెట్‌లో అర్థం వెతకొద్దు. పొడిలో ప్రెడ్నిసొలోన్ ఉంటే కొన్ని పరీక్షల్లో అదీ కార్టిసాల్ కిందే లెక్కకొచ్చి, రిపోర్టు నార్మల్‌గా కనిపించవచ్చు. ఆ రోజు పొడి ఎప్పుడు వేసుకోవాలో, మానాలో డాక్టరే చెప్పాలి.

అనుమానం నిజమైతే పొడి స్థానంలో, డోసు తెలిసిన స్టెరాయిడ్ మాత్ర ఇచ్చి మెల్లమెల్లగా తగ్గిస్తారు. స్టెరాయిడ్ వాడి అడ్రినల్ మొద్దుబారినవాళ్ల గురించి యూరప్, అమెరికా ఎండోక్రైన్ సంఘాలు కలిసి 2024లో మార్గదర్శకాలు ఇచ్చాయి. పొద్దుటి కార్టిసాల్ డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితే గ్రంథి కోలుకున్నట్టు, 5 కన్నా తక్కువైతే ఇంకా మాత్ర కొనసాగాలని అందులో ఉంది. నెలలు పట్టొచ్చు, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. తగ్గించే కొద్దీ ఒళ్లు నొప్పులు, నీరసం వస్తాయి. మోకాళ్ల నొప్పి కూడా తిరిగొస్తుంది. చాలామంది మళ్లీ పొట్లం దగ్గరికి పోయేది అప్పుడే. కాబట్టి అసలు ఆ మోకాళ్లకు ఏముంది, అరుగుదలా, రుమటాయిడ్ కీళ్లవాతమా అనేది కూడా తేల్చమని మొదటి రోజే అడగండి. స్టెరాయిడ్ తగ్గుతుంటే షుగర్, బీపీ కూడా దిగవచ్చు, ఆ మందుల డోసు ఎప్పటికప్పుడు సరిచూడకపోతే లో షుగర్ అవుతుంది.

ఈలోపు జ్వరం, వాంతులు, విరేచనాలు, మగతగా ఉండటం, లేస్తే కళ్లు తిరగడం... వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రి అయినా సరే క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. వెళ్లగానే "రెండేళ్లుగా స్టెరాయిడ్ కలిసిన మందు వాడుతోందని అనుమానం" అని చెప్పండి. ఈ మాట వింటే డ్యూటీ డాక్టరు కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ గురించి ఆలోచిస్తారు. చెప్పకపోతే మళ్లీ సెలైనే ఎక్కిస్తారు. అమ్మ దగ్గర ఎప్పుడూ ఉండేది మీరు కాదు కాబట్టి, పక్కింటివాళ్లకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి.

ఇదంతా సర్దుకున్నాక, స్టెరాయిడ్ పూర్తిగా ఆగాక కూడా బరువు, షుగర్ దిగకపోతే అప్పుడు ఇంజెక్షన్ గురించి ఆలోచించవచ్చు. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా, ఆమెకు ఎప్పుడైనా ప్యాంక్రియాటైటిస్ (ప్యాంక్రియాస్ గ్రంథి వాపు) వచ్చిందా అనేది కనుక్కుని ఉంచండి, అవే ముందు అడుగుతారు.

జీలకర్ర నీళ్లు తాగితే బరువు తగ్గదు. ఆమెకు ఇష్టమైతే తాగనివ్వండి. అందులో పొడి మాత్రం కలుపుకోవడం లేదు కదా?