ఫంక్షన్ డేట్ కంటే ముందు పిల్లకి విషయం చెప్పండి

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఎదిగే పిల్లల గురించే. మూడింటికి జవాబు రాస్తున్నా, మొదటిది కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

*

డాక్టర్ గారూ నమస్తే. మా పాపకి తొమ్మిదేళ్ళ నాలుగు నెలలు. పోయిన నెల తలంటు పోస్తుంటే ఎడమ పక్క ఛాతీ మీద శనగ గింజంత గట్టిగా తగిలింది, ముట్టుకుంటే నొప్పి అంటోంది, కుడి పక్క ఏమీ లేదు. మా పిన్ని రొమ్ము క్యాన్సర్‌తో పోయింది, అందుకని నాకు రాత్రులు నిద్ర పట్టట్లేదు. మా అత్తయ్య గారేమో ఇంకో రెండు నెలల్లో పెద్దమనిషి అయిపోతుంది, బ్రాయిలర్ కోడి పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను అంటూ గుడ్లు, పాలు కూడా మాన్పించేశారు. మా తమ్ముడికి ఫోన్ చేసి ఫంక్షన్ హాల్ సంగతి కూడా మాట్లాడేశారు. ఏం చెప్పాలో తెలీక పాపకి నేనింకా ఏమీ చెప్పలేదు. — ఒక అమ్మ, తణుకు

అమ్మా, ముందు మీరు కంటి నిండా నిద్రపోండి. మీరు రాసినదాన్ని బట్టి అది రొమ్ము మొగ్గ, అంతే. ఆడపిల్లల్లో ఎదుగుదల మొదలైందని చెప్పే మొట్టమొదటి గుర్తు అదే, చాలామందిలో ఒక పక్కే ముందు వస్తుంది, రెండో పక్క కొన్ని నెల్లకి అందుకుంటుంది, ముట్టుకుంటే నొప్పి ఉండటం కూడా మామూలే. ఈ వయసులో రొమ్ము క్యాన్సర్ అనేది ఎంత అరుదంటే ఆ ఆలోచనే పెట్టుకోనక్కర్లేదు. ఒక్కసారి పిల్లల డాక్టర్‌కి చూపించి మనసు కుదుట పరచుకోండి, ఎర్రబడినా, వేడిగా ఉన్నా, చీము లాంటిది కారినా మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. ఇంకో మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఎవరైనా ఆ గడ్డ కోసి టెస్టుకి పంపిద్దాం అంటే పిల్లల డాక్టర్ని అడక్కుండా ఒప్పుకోవద్దు, ఎందుకంటే ఆ మొగ్గే రేపటి రొమ్ము, అది తీసేస్తే ఆ పక్క ఇక ఎదగదు.

ఇప్పుడు మీ అత్తయ్య గారి రెండు నెలల లెక్క. ఆవిడ ప్రేమ కొద్దీ అంటున్నారు గానీ లెక్క తప్పింది. దీనికో వరస ఉంది, ముందు మొగ్గ, తర్వాత కింద, చంకల్లో వెంట్రుకలు, ఈలోగా ఒక్కసారిగా ఎత్తు పెరగడం, ఆ ఎత్తు పెరిగే జోరు తగ్గుముఖం పట్టాకే నెలసరి. మొగ్గ నుంచి నెలసరికి మామూలుగా రెండు, రెండున్నరేళ్ళు పడుతుంది, అంటే మీ పాప విషయంలో పదకొండు దాటాక అనుకోండి. ఆడపిల్లలకి ఇది 8 నుంచి 13 ఏళ్ళ మధ్య ఎప్పుడు మొదలైనా ఆరోగ్యమే. 8 నిండకుండానే మొదలైనా, 13 నిండినా మొగ్గ కూడా రాకపోయినా, 15 వచ్చినా నెలసరి రాకపోయినా, లేదా అన్నీ ఆర్నెల్లలో గబగబా జరిగిపోతున్నా అప్పుడు డాక్టర్ దగ్గరకి వెళ్ళాలి. పక్కింటి పిల్ల వయసుతో పోల్చకండి, మీ పిల్ల వరస చూడండి. తలుపు చట్రం మీద పెన్సిల్‌తో గీత పెట్టి మూడు నెలలకోసారి కొలవండి, మొన్నటిదాకా ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరిగే పిల్ల ఇప్పుడు 8 దాకా పెరుగుతుంది, నెలసరి మొదలయ్యాక మిగిలేది మహా అయితే 5 నుంచి 7 సెంటీమీటర్లు. అంటే ఎముకకి తిండి బాగా కావాల్సిన రోజులు ఇవే, సరిగ్గా ఈ రోజుల్లోనే మీ ఇంట్లో గుడ్లు పాలు ఆపేశారు, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నా.

కోడి సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే ఈ ప్రశ్న రాని నెల లేదు. బ్రాయిలర్ ఆరు వారాల్లో రెండు కిలోలు తూగుతుంది కాబట్టి ఏదో హార్మోన్ సూది వేస్తారని అందరి అనుమానం. అంత తొందరగా పెరగడానికి కారణం ఆ జాతిని దశాబ్దాల తరబడి అలా ఎంపిక చేసి పెంచుకురావడం, దానికి తోడు లెక్కగా వేసే దాణా. షెడ్డులో వేల పక్షులుంటాయి, ఒక్కోదాన్నీ పట్టుకుని రోజూ సూది వేస్తే కోడి ధర కంటే ఆ ఖర్చే ఎక్కువవుతుంది. ఎదుగుదల హార్మోన్ అనేది ప్రొటీన్, మాంసంలో ఉన్నా మన పొట్టలో అరిగిపోతుంది. ఎదుగుదలని ముందుకి జరిపేవాటిలో మనకి బాగా తెలిసింది ఒళ్ళు పెరగడం. కొవ్వు నుంచి లెప్టిన్ అని ఒకటి తయారవుతుంది, ఒంట్లో సరిపడా నిల్వ ఉంది, ఇక మొదలుపెట్టొచ్చు అని మెదడుకి కబురు పంపేది అదే. కాబట్టి ఆపాలనుకుంటే చిప్స్ ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు, మంచం మీద ఫోన్ పట్టుకుని కూర్చోవడం ఆపండి. గుడ్డు, పాలు, పప్పు, ఆకుకూర, వారానికోసారి చికెన్ కూర, ఇవి పెట్టండి. మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి దాదాపు 60 మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది, నెలసరి మొదలయ్యే నాటికి ఒంట్లో ఐరన్ లేకపోతే ఆ పిల్ల మెట్లెక్కితేనే ఆయాసపడుతుంది. పదేళ్ళు దాటాక స్కూల్లో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర వేసుకోనివ్వండి, అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తక్కువ. మీకు క్యాన్సర్ భయం ఉంది కాబట్టి ఇదీ చెప్పాలి, గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌కి హెచ్‌పీవీ టీకా ఉంది, 9 నుంచి 14 ఏళ్ళ లోపు వేయిస్తే బాగా పనిచేస్తుంది, మీ డాక్టర్ని అడగండి.

ఇక అసలు విషయం. పాపకి ఏమీ చెప్పలేదన్నారు చూడండి, నాకు మీ ఉత్తరం మొత్తంలో బాధ కలిగించింది ఆ ఒక్క వాక్యమే. మా అమ్మమ్మగారి ఊళ్ళో వేసవి సెలవుల్లో నేను పెద్దమనిషినయ్యాను, పన్నెండేళ్ళు. చెట్టెక్కి పడ్డందుకే లోపల ఏదో తెగిందనుకున్నా, మధ్యాహ్నం దాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పాక ఇంట్లో ఒకటే హడావిడి, తాటాకు చాప వేశారు, చిమ్మిలి పెట్టారు, పేరంటాళ్ళు వచ్చి పాటలు పాడారు, తొమ్మిది రోజులు నన్ను ఎవరూ ముట్టుకోలేదు. ఆ తొమ్మిది రోజుల్లో రక్తం ఎందుకొస్తోంది, ఎప్పుడాగుతుంది, మళ్ళీ వస్తుందా అని ఒక్కరూ చెప్పలేదమ్మా. తర్వాతి నెల మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ అంతే భయపడ్డా. చిమ్మిలి రుచి ఇప్పటికీ ఇష్టమే, ఆ భయం కూడా ఇప్పటికీ గుర్తే.

మీకు ఇంకా రెండేళ్ళ టైముంది, ఒకేరోజు కూర్చోబెట్టి పాఠం చెప్పక్కర్లేదు. జడ వేస్తున్నప్పుడు "నీకు ఇక్కడ నొప్పి అన్నావు కదా, నువ్వు పెద్దవుతున్నావ్, నాకూ నీ వయసులోనే ఇలా వచ్చింది" అనండి చాలు. ఇంకోరోజు సూపర్ మార్కెట్లో ప్యాడ్ ప్యాకెట్ కొన్నప్పుడు నల్ల కవర్లో దాచకుండా ఇంటికి తెచ్చి, విప్పి, ఎలా అంటించుకోవాలో చూపించండి, నాలుగైదు గంటలకోసారి మార్చుకోవాలని చెప్పండి. ప్రతి నెలా గర్భసంచి లోపల ఒక మెత్తటి పొర తయారవుతుంది, దాని అవసరం లేనప్పుడు రక్తంతో కలిసి బయటికి వచ్చేస్తుంది, అది దెబ్బ కాదు, మైల కాదు, ఇంత చెప్తే తొమ్మిదేళ్ళ పిల్లకి చక్కగా అర్థమవుతుంది. స్కూల్ బ్యాగులో ఒక పౌచ్, రెండు ప్యాడ్లు, ఒక చడ్డీ పెట్టి ఉంచండి, ఏ టీచర్‌కి చెప్పాలో కూడా ముందే అనుకోండి. మొదటి రెండు మూడేళ్ళు నెల తప్పి రావడం మామూలు, 21 రోజులకి రావచ్చు, 45 రోజులకి రావచ్చు, దానికి మాత్రలు వేయించకండి. ఏడు రోజులు దాటినా, గంటా రెండు గంటలకే ప్యాడ్ నిండిపోతున్నా డాక్టర్‌కి చూపించండి.

ఫంక్షన్ వద్దని నేను అనను. నువ్వులు, బెల్లం, మినప సున్నుండలు ఆ వయసుకి మంచి తిండే, మేనమామ పట్టుచీర తెస్తే పిల్లకి సంతోషమే. కానీ పిల్లని అడగండి, నీకిష్టమేనా అని, వద్దంటే ఇంట్లోవాళ్ళే పాయసం చేసుకు తినండి. పిల్ల ఫోటో వేసి వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టొద్దు, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు, ఆ పిల్ల సోమవారం అదే వీధిలోంచి స్కూలుకి నడిచి వెళ్ళాలి. మూలన కూర్చోబెట్టి స్కూలు మాన్పించొద్దు, పదకొండు రోజులు మానేస్తే భిన్నాలు పోతాయి, పరీక్ష పోతుంది. ఈ పేరా మీ అత్తయ్య గారికి చదివి వినిపించండి, ఆవిణ్ణి కూడా నీ చిన్నప్పుడు నీకెవరైనా చెప్పారా అత్తయ్యా అని అడగండి, నాకు తెలిసి ఆవిడే పాపకి చెప్పడానికి ముందుకొస్తారు.

*

మేడం నమస్తే. మా పిలగానికి పదమూడు నిండినయ్, తొమ్మిదో తరగతి. క్లాసుల అందరికన్న పొట్టిగున్నడు. ఈ మధ్య ఛాతి కాడ ఉబ్బినట్టయింది, దోస్తులు ఎక్కిరిస్తున్నరని ఆటల పీరియడ్‌కు పోతలేడు, ఎండల గూడ స్వెట్టర్ ఏసుకుంటుండు. హైటు పెరిగే పొడి అని నెట్ల చూసి రెండు డబ్బాలు తెప్పించిన. ఏం చేయమంటరు? — ఒక నాన్న, సిద్దిపేట

ఎండలో స్వెట్టర్ అని చదివి చాలాసేపు ఆ బాబు గురించే ఆలోచించానండి. ఈ వయసులో సగం మంది మగపిల్లలకి ఛాతీ కొంచెం ఉబ్బుతుంది, హార్మోన్లు ఇంకా ఒక దారికి రాకపోవడం వల్ల, ఆర్నెల్ల నుంచి రెండేళ్ళలో దానంతటదే తగ్గిపోతుంది. ఈ ముక్క మీ నోటి నుంచి వాడికి తెలియాలి, "నీ క్లాసులో సగం మందికి ఉంటుంది బిడ్డా, వాళ్ళు చెప్పుకోరు అంతే" అనండి. కాస్త మందం కాటన్ బనియన్, వదులు చొక్కా వేయించండి, పీఈటీ సార్‌తో మీరే వెళ్ళి మాట్లాడండి. రెండేళ్ళు దాటినా తగ్గకపోయినా, బాగా పెద్దదవుతున్నా చూపించాలి.

పైగా ఛాతీ ఉబ్బిందంటే వాడికి ఎదుగుదల మొదలైందనే అర్థం. మగపిల్లల్లో మొదట మారేది వృషణాల సైజు, అది ఇంట్లో ఎవరికీ కనపడదు, ఎత్తు ఆడపిల్లల కంటే రెండేళ్ళు ఆలస్యంగా పెరుగుతుంది, అందుకే ఏడో తరగతి గ్రూప్ ఫోటోలో ఆడపిల్లలు పొడుగ్గా ఉంటారు. మొదలైందంటే మాత్రం ఏడాదికి 9, 10 సెంటీమీటర్లు లాగుతారు. ఎంత ఎత్తవుతాడో ఒక లెక్క ఉంది, మీ ఎత్తు, వాళ్ళమ్మ ఎత్తు కలిపి 13 సెంటీమీటర్లు కలిపి సగం చేయండి, ఆడపిల్లకైతే 13 తీసెయ్యాలి. మీరు 168, ఆవిడ 155 అనుకుంటే మొత్తం 336, సగం 168, అటు ఇటుగా ఓ 8. మీరెప్పుడు పొడుగయ్యారో కూడా గుర్తు చేసుకోండి, ఇంటర్‌లో పొడుగయ్యుంటే వాడూ మీ దారే కావచ్చు. 14 నిండినా ఏ మార్పూ లేకపోయినా, ఏడాదికి 4 సెంటీమీటర్లు కూడా పెరగకపోయినా డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళండి.

ఆ డబ్బాలు పారేయండి, డబ్బు పోయినా పర్లేదు. ఏ పొడితోనూ ఎత్తు పెరగదు, లేబుల్ సరిగ్గా లేనివాటిలో మగ హార్మోన్ లాంటిది ఏదైనా కలిసుంటే ఎముకల చివర్లు తొందరగా మూసుకుపోయి ఉన్న ఎత్తుకే ఎసరు వస్తుంది.

ఇంకో రెండు విషయాలు తండ్రిగా మీరే చెప్పాలి, వాళ్ళమ్మ మీద వదిలెయ్యకండి. నిద్రలో బట్టలు తడిసిపోవడం మామూలని, రోగం కాదని, గోడల మీద రాసే బలహీనత ప్రకటనలు నమ్మొద్దని చెప్పండి. రెండోది చాలా ముఖ్యం, వృషణంలో ఉన్నట్టుండి విపరీతమైన నొప్పి వస్తే అర్ధరాత్రయినా సరే సిగ్గుపడకుండా నిద్ర లేపి చెప్పమనండి. లోపల మెలిపడితే రక్తం ఆగిపోతుంది, ఆరు గంటల్లోపు ఆపరేషన్ అయితేనే దాన్ని కాపాడుకునే అవకాశం బాగా ఉంటుంది. పొద్దున చూద్దాంలే అని పడుకోబెట్టి, చెప్పడానికి సిగ్గుపడి పోగొట్టుకున్న పిల్లల్ని నేను చూశాను.

*

మా పాపకి ఏడేళ్ళ రెండు నెలలు. రెండు పక్కలా రొమ్ము వచ్చింది, ఏడాదిలో నాలుగు అంగుళాలు పెరిగింది. డాక్టర్ చేతికి ఎక్స్‌రే అన్నారు, ఇంజెక్షన్లు కూడా ఉంటాయేమో అన్నారు. అంత చిన్న పిల్లకి హార్మోన్ ఇంజెక్షన్లా? — ఒక అమ్మ, కూకట్‌పల్లి

మీ డాక్టర్ సరిగ్గానే చెప్పారమ్మా, ఎక్స్‌రే వాయిదా వేయొద్దు. 8 కి ముందు మొదలవడం, పైగా ఇంత వేగంగా ఎత్తు పెరగడం, రెండూ కలిస్తే తప్పక చూడాలి. ఎడమ చెయ్యి ఎక్స్‌రే తీస్తే ఎముక వయసు తెలుస్తుంది, పాపకి ఏడైనా ఎముకకి పది ఉండొచ్చు, అలా ఉంటే ఇప్పుడు అందరికంటే పొడుగ్గా కనపడుతుంది గానీ ఎముకలు ముందే మూసుకుపోయి చివరికి పొట్టిగా మిగిలిపోతుంది. ఆ ఇంజెక్షన్ హార్మోన్‌ని పెంచేది కాదు, మెదడు నుంచి వచ్చే సంకేతాన్ని కొన్నాళ్ళు ఆపి ఉంచేది, నెలకో మూణ్ణెల్లకో ఒకటి వేస్తారు, సరైన వయసు రాగానే ఆపేస్తే ఎదుగుదల మళ్ళీ మొదలవుతుంది, రేపు పిల్లలు పుట్టడానికి అడ్డం కాదు. ఆడపిల్లల్లో చాలాసార్లు ఏ కారణమూ దొరకదు, అదే మగపిల్లాడికి 9 లోపు మొదలైతే కారణం ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి మెదడు స్కాన్ కూడా చేస్తారు.

చూడ్డానికి పదేళ్ళ పిల్లలా ఉన్నా తను ఏడేళ్ళదే, ఇంత పెద్దయ్యావ్ ఏడుస్తావేంటి అని ఎవర్నీ అననివ్వకండి. ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరు ముట్టుకోకూడదు అనేది ఇప్పుడే నేర్పండి, ఎవరైనా ఇబ్బంది పెడితే పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 ఉంది. పిల్లల హార్మోన్ డాక్టర్ దగ్గరకి వెళ్ళేటప్పుడు పాప టీకాల కార్డు, స్కూల్ హెల్త్ కార్డు, పాత ఎత్తు బరువులు ఎక్కడ రాసుంటే అవన్నీ పట్టుకెళ్ళండి, వాళ్ళు మొదట అడిగేది అవే.