గబ్బిలం గురించి రాస్తున్న మిత్రునికి

ప్రియమైన మిత్రునికి,

జంతువుల ఇంద్రియాల మీద మీరు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. సమాచారం విస్తారంగా ఉంది, వాక్యం సాఫీగా నడుస్తోంది. అయితే కుక్క ముక్కు, డేగ కన్ను, గబ్బిలం చెవి వరసగా వచ్చి, ఒక్కొక్కటీ ‘మనకంటే ఇన్ని రెట్లు’ అనిపించుకుని వెళ్లిపోతున్నాయి. మనిషిని కొలబద్దగా పెట్టి మిగతా ప్రాణులను కొలిస్తే పాఠకుడు ఆశ్చర్యపోతాడు గానీ, తన గ్రహణశక్తికి హద్దు ఎక్కడుందో అతనికి తట్టదు. మీరు తలపెట్టిన విషయం ఆ హద్దే కదా.

అందుకే గబ్బిలాన్ని ఒక్క పేరాతో సరిపెట్టవద్దంటున్నాను. 1793లో ఇటలీలో ప్రకృతి శాస్త్రవేత్త స్పల్లాంజానీ, కటిక చీకటిలో గుడ్లగూబ తడబడుతుంటే గబ్బిలం మాత్రం దేనికీ తగలకుండా ఎగరడం గమనించాడు. చూపు పోగొట్టినా అది అలాగే ఎగిరింది. ఆ వెంటనే జెనీవాలో జురీన్ అనే వైద్యుడు దాని చెవులు మూసేసరికి అడ్డొచ్చినవాటికల్లా గుద్దుకుంది. అది చెవితోనే దారి తెలుసుకుంటోందని ప్రయోగం చెబుతున్నా, అక్కడున్న మనుషులకు ఏ చప్పుడూ వినబడలేదు కనుక పండితలోకం ఆ మాటను పక్కన పెట్టి, స్పర్శే దానికి దారి చూపుతుందన్న ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త క్యువియే అభిప్రాయానికి మొగ్గింది. 1938లో హార్వర్డ్ విద్యార్థి డొనాల్డ్ గ్రిఫిన్, మన చెవికి అందని శబ్దాలను పట్టేందుకు భౌతికశాస్త్రవేత్త పియర్స్ తయారుచేసిన యంత్రం ముందు గబ్బిలాలను ఉంచినప్పుడు గానీ అవి అరుస్తున్నాయని తెలియలేదు. మన చెవి దాదాపు సెకనుకు 20,000 కంపనాలు, అంటే 20,000 హెర్ట్‌జ్ దగ్గర ఆగిపోతుంది. వాటి అరుపులు చాలావరకు అంతకు పైన ఉంటాయి. తర్వాత తోటి విద్యార్థి గాలంబోస్‌తో కలిసి, నోరు మూసినా గబ్బిలం దారి తప్పుతుందని గ్రిఫిన్ నిరూపించాడు. అంటే అది తన అరుపుల ప్రతిధ్వనిని వింటూ దారి తెలుసుకుంటుంది. కొన్ని జాతులు పురుగును అందుకోబోయే క్షణంలో సెకనుకు 200 వరకు అరుపులు అరుస్తాయి. నన్నడిగితే గబ్బిలం ప్రతిభకంటే, మనకు వినబడనిది లేనే లేదన్న ధీమా 140 ఏళ్లకు పైగా చెక్కుచెదరకపోవడమే పెద్ద కథ. మీరు మాత్రం ఆ కథను వదిలేసి, అరుపు ఎంత బిగ్గరగా ఉంటుందో చెప్పే డెసిబెల్స్ లెక్క ఇచ్చారు.

చూపు విషయంలో హద్దు ఎక్కడుందో ఇంకా స్పష్టంగా చూపవచ్చు. అతినీలలోహిత కాంతిని మన రెటీనా (కంటి వెనక కాంతిని పట్టే పొర) బొత్తిగా పట్టలేనిది కాదు. దానికి ముందున్న కటకం ఆ కాంతిని చాలావరకు పీల్చేసుకుంటుంది. కటకం తొలగించిన కొందరికి అది నీలం కలిసిన తెలుపులా కనిపించింది కూడా. తేనెటీగకు ఆ కాంతి కనిపిస్తుంది, మనకు కనిపించే ఎరుపు కనిపించదు. ఇందులో ఎవరు పైన, ఎవరు కింద?

అంకెలను అంత తేలిగ్గా నమ్మకండి. మాంటిస్ రొయ్య కంట్లో రంగులను పట్టే గ్రాహకాలు 12 రకాలున్న మాట నిజమే, కానీ దగ్గర దగ్గర రంగులను వేరుచేయడంలో అది మనకంటే వెనకబడిందని 2014లో వెలువడిన పరిశోధన తేల్చింది. కాబట్టి ‘మనం ఊహించలేనన్ని రంగులు’ అన్న మీ వాక్యం కొట్టేయక తప్పదు. (ఎంత అందమైన వాక్యమో నాకూ తెలుసు.) కుక్క దగ్గర కూడా రెట్ల లెక్క మాని, దాని ముక్కును దగ్గరగా చూపించండి: అది వాసన పట్టేటప్పుడు వదిలే గాలి, రంధ్రాల పక్కనున్న చీలికల గుండా వెనక్కి పోతుంది, ఆ ఒరవడికి కొత్త వాసన ముందుకు వస్తుంది. అదే పని మనం చేస్తే, ఊపిరి వదిలిన ప్రతిసారీ ఎదుటి వాసనను మనమే చెదరగొడతాం.

ఇక చివరి పేరాలో గబ్బిలం ‘నేను’ అంటూ మాట్లాడుతోంది. తత్త్వవేత్త థామస్ నేగెల్ 1974లోనే దీనికి అడ్డుచెప్పాడు: తలకిందులుగా వేలాడుతున్నట్టు, చేతులకు రెక్కలు మొలిచినట్టు ఎంత ఊహించుకున్నా, గబ్బిలంలా ప్రవర్తిస్తే నాకెలా ఉంటుందో తెలుస్తుంది తప్ప గబ్బిలానికి గబ్బిలంగా ఉండడం ఎలా ఉంటుందో తెలియదు. ఆ పేరా తీసేసి, ప్రతిధ్వని తిరిగి వచ్చాక ఆ ప్రాణి ఏ పక్కకు మళ్లింది, ఎంత దూరంలో మళ్లింది అన్న బయటికి కనిపించే సంగతుల దగ్గరే కలం ఆపండి. తిరగరాసిన ప్రతిని పంపండి, చదువుతాను.

శుభాకాంక్షలతో.