సంతకం సంగతి తర్వాత, ముందు పుట్టింటికి వెళ్లిరండి

ప్రశ్న: మల్కాజిగిరిలో నాన్న తన జీతంతో కట్టిన ఇల్లుంది. ఆయన రెండేళ్ల క్రితం వీలునామా రాయకుండానే పోయారు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తిప్పింది తమ్ముడే. ఇప్పుడు ఇంటిని బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇస్తానని, నన్ను హక్కు వదులుకుంటూ సంతకం పెట్టమన్నాడు. ‘నీ పెళ్లికి పెట్టాం కదా అక్కా’ అన్నాడు. పెట్టనన్నాను. మాటలు ఆగిపోయాయి. ఈసారి బోనాలకు పిలవలేదు. అమ్మ చాటుగా ఫోన్ చేసి ఏడుస్తోంది. మావారు కోర్టుకెళ్దామంటున్నారు. వాటా వదులుకుంటేనే నాకు పుట్టిల్లు మిగులుతుందా?
– ఒక సోదరి, మియాపూర్

జవాబు: అక్కడ గజం ఎంత పలుకుతోందో మీరు ఒక్క ముక్క రాయలేదమ్మా. బోనాలకు పిలవలేదని రాశారు. మీ బాధ దేని గురించో దాంతోనే తెలిసింది.

అలాగని సంతకం పెట్టేయమని చెప్పను. తమ్ముడు దూరమవుతాడన్న భయంతో వదులుకున్న వాటా మనసులోంచి పోదు. రేపు మరదలు కొత్త గాజులు వేసుకున్నా అవి మీ డబ్బులాగే కనిపిస్తాయి.

ఇక హక్కు సంగతి. నాన్నగారి స్వార్జితం, వీలునామా లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, మీకు, తమ్ముడికి సమాన వాటాలు (నాన్నమ్మ ఉంటే ఆవిడకూ ఒకటి). పెళ్లికి పెట్టినదాన్ని అందులోంచి తీసేయరు. మీ సంతకం లేకుండా మీ వాటా ఎటూ పోదు. కాబట్టి మీకు తొందర లేదు. ముందుగా ఓ మెట్టు దిగినా మీకొచ్చే నష్టమూ లేదు.

ఓ ఆదివారం వెళ్లండి. భోజనం చేయండి, కాగితాల ఊసెత్తకండి. వీలు చూసి తమ్ముడితో ఒక్కమాట అనండి: ‘నాన్నను నువ్వు చూసుకున్నట్టు నేను చూసుకోలేకపోయాను రా.’ ‘పెళ్లికి పెట్టాం’ అన్నవాడి కడుపులో ఉన్నది ఆ లెక్క కాకపోవచ్చు. ఆసుపత్రి చుట్టూ తిరిగిన రోజులను ఎవరూ గుర్తించలేదన్న ఉక్రోషం కావచ్చు. ఇది నా ఊహే, కానీ ఇలాంటి ఇళ్లలో తరచూ బయటపడేది అదే.

మీ ఉత్తరంలో అమ్మ ఏడుపు ఉంది, అమ్మ వాటా లేదు. తమ్ముడి మాటల్లోనూ లేదు. కట్టబోయే అపార్ట్‌మెంట్‌లో ఆవిడ పేరు మీద ఒక ఫ్లాట్ ఉంటుందా? అసలు ఆ ఇల్లు కూలగొట్టడం ఆవిడకు ఇష్టమేనా? ఆస్తి మాట వచ్చిన రోజున ముగ్గురూ కూర్చుని ముందు అది అడగండి. అది తేలాక, తమ్ముడు పడ్డ శ్రమకు మీ వాటాలో కొంత ఇవ్వాలనిపిస్తే ఇష్టంగా ఇవ్వండి. అప్పుడూ రిజిస్టర్డ్ పత్రమే. వట్టి కాగితాల మీద సంతకాలు వద్దు.

కోర్టులో భాగపరిష్కారం దావా ఏళ్లపాటు నడుస్తుంది, అందులో అమ్మనూ పార్టీగా చేర్చాలి. మాటలతో తేలకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి కూర్చోబెడతారు, ఫీజు ఉండదు.

మొదటిసారి తమ్ముడు ముభావంగానే ఉంటాడు. రెండోసారీ వెళ్లండి. మీవారిని మాత్రం ఆ రెండుసార్లూ మియాపూర్‌లోనే ఉండమనండి.